రేకు ఎటు వంగింది?

బుచ్చయ్యపేట రోడ్డు పక్కన ఒక ట్రాక్టర్ షెడ్డు ఉండేది. చెరకు నరికే రోజుల్లో అక్కడ రాత్రీ పగలూ పనే. ఒక జనవరి ఉదయం సైకిల్ ట్యూబుకి పంక్చర్ వేయించుకుందామని వెళ్ళాను. రాత్రంతా తలుపులు మూసిన గదిలో చార్జింగులో పెట్టిన బ్యాటరీ దగ్గరికి ఒక కుర్రాడు వెళ్ళాడు. స్విచ్చి ఆపకుండానే క్లిప్పు లాగాడు. చిన్న నీలి మెరుపు, వెంటనే కొబ్బరికాయ కొట్టినట్టు పెద్ద చప్పుడు. బ్యాటరీ పైమూత చూరుకి తగిలి కింద పడింది. మేస్త్రి కుర్రాడి మెడ పట్టి తొట్టిలోని నీళ్ళలో ముఖం ముంచాడు. కళ్ళు తెరిపించి మరీ కడిగాడు. యాసిడ్ చొక్కాని జల్లెడ చేసింది గాని కళ్ళు దక్కాయి.

అందరం ఊపిరి పీల్చుకున్నాక మేస్త్రి ఆ మూత తీసి నా చేతిలో పెట్టాడు. "లోపల్నించే పేలింది మాష్టారూ. అంచులు ఎటేపు లేచాయో సూడండి" అన్నాడు. నల్లటి ప్లాస్టిక్ అంచులు పైకి, బయటికి విచ్చుకుని ఉన్నాయి. బయటి నుంచి దెబ్బ తగిలితే లోపలికి నొక్కుకుపోవాలి. ఆ మాట అన్నవాడు చదివింది అయిదో తరగతి.

బుచ్చయ్యపేటకి నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో, విశాఖ రేవు ముఖద్వారం దగ్గర, సముద్రం అడుగున ఒక ఉక్కు ఓడ పడి ఉంది. దాని గురించి యాభై ఏళ్ళకు పైగా అడుగుతున్న ప్రశ్న కూడా ఇదే. దాని రేకు ఎటు వంగింది?

ఆ ఓడ పేరు గాజీ. పాకిస్తాన్ నౌకాదళపు జలాంతర్గామి. అమెరికాలో పోర్ట్స్‌మత్ నౌకా కర్మాగారంలో 1944లో నీళ్ళలోకి దిగినప్పుడు దాని పేరు డయాబ్లో. 1964లో పాకిస్తాన్‌కి అద్దె మీద ఇచ్చారు. పొడవు 95 మీటర్లు. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. తర్వాత టర్కీలో మరమ్మతులు చేయించినప్పుడు సముద్రంలో మైన్లు పరిచే ఏర్పాటు కూడా పెట్టించారు. కరాచీలో బయలుదేరి, లంక చుట్టూ తిరిగి, బంగాళాఖాతంలోకి వచ్చి, కొన్నాళ్ళు పని చేసి మళ్ళీ తిరిగి వెళ్ళగల ఇంధనం ఆ దేశపు జలాంతర్గాముల్లో దీనికే ఉండేది. అందుకే 1971 నవంబరు 14న దీన్నే పంపారు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడం, విశాఖ రేవు ముందు మైన్లు పరచడం దానికి అప్పగించిన పని.

అప్పటికి విక్రాంత్ ఆరోగ్యం బాగా లేదు. ఒక బాయిలర్ పగుళ్ళిచ్చింది, పూర్తి వేగం అందుకోలేదు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దాన్ని అండమాన్ దీవుల్లో దాచి, అది విశాఖలోనే ఉన్నట్టు నమ్మించే ఎత్తు వేశాడు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని సముద్రంలోకి పంపి, విక్రాంత్ పంపినట్టే రేడియో సందేశాలు ఇప్పించాడు. పెద్ద ఓడకే కావలసినంత సరుకు కోసం రేవులో ఆర్డర్లు వేయించాడు. విక్రాంత్ మీద పనిచేసే ఒక నావికుడు జబ్బుపడ్డ తల్లి యోగక్షేమాలు అడుగుతున్నట్టు, గుప్తలిపి ఏదీ లేని సాదా టెలిగ్రాం కూడా వెళ్ళింది. ఓడ లేని చోట ఓడ ఉందని నమ్మించడానికి ఇంత పని చేయాల్సి వచ్చింది.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పశ్చిమాన మన విమానాశ్రయాల మీద బాంబులు వేశాయి. ఆ రాత్రి పన్నెండుకి కాస్త ముందు రాజ్‌పుత్ దీపాలు ఆర్పుకుని విశాఖ రేవు కాలువ దాటింది. దాని నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్. బయటి సముద్రంలో కొంతదూరాన నీళ్ళు సుడి తిరిగి కలవరపడుతున్నట్టు కాపలావాడు కేకేశాడు. ఓడ అటు తిరిగింది. రెండు డెప్త్ చార్జీలు జారవిడిచింది. తర్వాత కొద్ది నిమిషాలకు, అర్ధరాత్రి దాటి పావుగంటప్పుడు, పెద్ద పేలుడు వినిపించింది. విశాఖ తీరంలో ఇళ్ళ కిటికీలు అదిరాయి. తెల్లారి వేటకెళ్ళిన గంగపుత్రులకి నూనె తెట్టు, తేలుతున్న చెక్కలు, ఒక లైఫ్ జాకెట్ కనిపించాయి. తర్వాత డైవర్లు దిగి చూస్తే గాజీ అడుగున ఉంది. అందులో ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు.

ఇంతవరకు కథ అందరికీ తెలుసు. 2017లో తెలుగులో సినిమా కూడా వచ్చింది. అందులో మన జలాంతర్గామికీ గాజీకీ మధ్య చూపించిన పోరు కల్పన. అసలు జరిగినదాంట్లో ఇంకో జలాంతర్గామి లేదు. రాజ్‌పుత్ ఉంది, చీకటి ఉంది, నీళ్ళున్నాయి. మిగతాదంతా భౌతికశాస్త్రం తేల్చాలి.

ముందు శబ్దం సంగతి చూద్దాం. గాలిలో శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది. నీళ్ళలో 1500 మీటర్లు. ఆ పేలుడు చప్పుడు గాలి గుండానే బుచ్చయ్యపేట దాకా రావాలంటే రెండు నిమిషాలకు పైగా పడుతుంది. అంతే దూరం నీళ్ళలోనైతే అరనిమిషం చాలు. చిత్రమేమిటంటే నీళ్ళలో పుట్టిన శబ్దం గాలిలోకి దాటడానికి ఏ మాత్రం ఇష్టపడదు. అలలోని శక్తిలో వెయ్యో వంతు మాత్రమే పైకి వస్తుంది, మిగిలినదంతా నీటి ఉపరితలాన్ని కొట్టి వెనక్కి మళ్ళుతుంది. అందుకే చెరువులో మునిగి ఈదే పిల్లాడికి గట్టు మీది అమ్మ పిలుపు వినపడదు. విశాఖ కిటికీలు అంతలా అదిరాయంటే నీళ్ళ అడుగున పుట్టింది మామూలు చప్పుడు కాదు. అందులో కొంత సముద్రపు నేల గుండా, కొండరాయి గుండా కూడా వచ్చి ఉంటుంది.

ఇక సోనార్. ఓడ నీళ్ళలోకి ఒక కూత వేసి, అది దేనికైనా తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గి ఉంటుంది. వినడానికి సులువే. కానీ మన తీరపు సముద్రం సోనార్‌కి సహకరించే సముద్రం కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వర్షాకాలమంతా మోసుకొచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద పలచటి దుప్పటిలా పరుచుకుంటుంది. చలికాలం మొదట్లో తీరప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతూ ఆ తీపినీళ్ళని మన ఒడ్డు వెంట తీసుకొస్తుంది. పైన చల్లగా తక్కువ ఉప్పుతో ఒక పొర, కింద వెచ్చగా ఎక్కువ ఉప్పుతో ఇంకో పొర. వేగం మారే చోట శబ్దం వంగుతుంది, నీళ్ళలో పెట్టిన కర్ర వంకరగా కనిపించినట్టు. ఇలా వంగిన కూత కొన్నిచోట్లకి అసలు చేరదు, ఆ నీడలో జలాంతర్గామి హాయిగా దాక్కోవచ్చు. దానికి తోడు లోతు తక్కువ. సముద్రపు నేల, చేపల గుంపులు, టిక్కుటిక్కుమనే రొయ్యలు అన్నీ బదులు పలుకుతాయి. వినేవాడికి అది సంతరోజు రణగొణ. ఆ రాత్రి రాజ్‌పుత్‌కి ముందు దారి చూపింది కాపలావాడి కళ్ళే అనడంలో ఆశ్చర్యం లేదు.

డెప్త్ చార్జ్ అంటే పెద్ద పీపా. లోపల వంద కిలోలకు పైగా పేలుడు మందు. ఎంత లోతుకి పోతే పేలాలో ముందే అమర్చి వదులుతారు. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణపు పీడనం పెరుగుతుంది కాబట్టి, ఆ పీడనమే మీట నొక్కుతుంది. ఉక్కు పొట్టు చీలాలంటే మాత్రం అది జలాంతర్గామికి పది మీటర్ల లోపు పేలాలి. అంతకు మించితే లోపలివాళ్ళ గుండెలు అదురుతాయి, దీపాలు పగులుతాయి, ఓడ బతుకుతుంది.

నీళ్ళలో పేలుడు గాలిలో పేలుడు లాంటిది కాదు. గాలిని నొక్కితే నొక్కుకుపోతుంది, నీళ్ళు నొక్కుకుపోవు, దెబ్బని దెబ్బగానే అందిస్తాయి. ముందు ఒక గట్టి పీడనపు అల. దాని వెనక వేడి వాయువుల బుడగ. ఆ బుడగ ఉబ్బుతుంది, తనకున్న బలానికి మించి ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న నీళ్ళ పీడనం దాన్ని మళ్ళీ లోపలికి కుక్కేస్తుంది, అది మళ్ళీ విచ్చుకుంటుంది. పొయ్యి మీద నీళ్ళు మరగడానికి ముందు సన్నగా పాట పాడతాయి గదా, ఆ సవ్వడి ఏమిటో తెలుసా? గిన్నె అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న చల్లటి నీళ్ళు తగలగానే కూలిపోయే చప్పుడు అది. వేలకొద్దీ చిన్న చిన్న కూలడాలు. అదే కూలడం గది అంత బుడగలో జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అలాంటి బుడగ ఓడ అడుగున సరిగ్గా నడుం కింద పుడితే, ఓడని ముందు ఎత్తుతుంది. తర్వాత బుడగ కూలినప్పుడు నడుం కింద ఆసరా పోతుంది. ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ నీళ్ళు మోస్తుంటే మధ్యభాగం తన బరువుకే విరిగిపోతుంది. ఓడకి తగిలిన చిల్లు కంటే ఈ వెన్ను విరగడమే ప్రమాదం.

ఇప్పుడు మళ్ళీ బ్యాటరీకి వస్తాను. ఇక్కడే నాకు మేస్త్రి మాట గుర్తొస్తుంది.

గాజీ తరం జలాంతర్గాములు నీళ్ళలో మునిగి ఉన్నప్పుడు బ్యాటరీ మీదే నడిచేవి. డీజిల్ ఇంజనుకి గాలి కావాలి, మునిగాక గాలి లేదు. అందుకని రాత్రి చీకట్లో పైకొచ్చో, గాలిగొట్టం నీటి పైకి పెట్టో ఇంజను నడిపి బ్యాటరీ నింపుకుని, పగలంతా మునిగి తిరగాలి. ఇన్వర్టర్ బ్యాటరీలాంటిదే, సీసం, గంధకామ్లం. కాకపోతే రెండు బ్యాటరీలు, ఒక్కోదానిలో 126 సెల్లు, ఒక్కో సెల్లు ముప్పావు టన్ను. ముందు బ్యాటరీ అధికారుల గదుల నేల కింద ఉంటుంది. దాన్ని ఆనుకుని ముక్కు వైపు టార్పెడో గది. ఈ రెండు గదుల పొరుగుతనం గుర్తుంచుకోండి.

సీసపు బ్యాటరీ నిండటానికి దగ్గరపడిన కొద్దీ కరెంటు చేసే పని మారిపోతుంది. సెల్లులో నింపడానికి ఇంక చోటు లేక అది నీటిని విడగొట్టడం మొదలెడుతుంది. హైడ్రోజన్ ఒక పక్క, ఆక్సిజన్ ఒక పక్క. మన ఇళ్ళలో ఇన్వర్టర్‌కి నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోస్తాం, పోయిన ఆ నీళ్ళలో చాలావరకు ఇలా గాలై పోయినవే. గాలిలో హైడ్రోజన్ నూటికి నాలుగు పాళ్ళు చేరితే అంటుకోగలదు, ఇంకాస్త పెరిగితే పేలుతుంది. దాన్ని అంటించడానికి కావలసిన నిప్పు ఎంతంటే, చలికాలం ఉన్ని స్వెట్టర్ తీసేటప్పుడు చిటపటమనే మెరుపు చాలు. రంగు లేదు, వాసన లేదు. ఫ్యాన్లు ఆగకుండా తిరిగితేనే ప్రాణం. అందుకే ఆ ఓడల్లో చార్జింగు సమయంలో సిగరెట్టు ముట్టించడం నిషేధం, గాలిలో హైడ్రోజన్ పాలు ఎంతో చూపించే మీటరు దగ్గర ఒక మనిషి కాపలా.

నెలాఖరుకి గాజీ కరాచీతో మాట్లాడటం మానేసింది. మనవాళ్ళ వేట తగ్గలేదు, పైకి రావడం ప్రమాదం. పైకి రాకపోతే గాలి మారదు. సముద్రంలో మూడు వారాలు గడిపిన మనుషులు, ముసలి ఓడ, ఉక్కపోత. నేను గాజీ గురించి చదివినప్పుడల్లా శత్రువు, మిత్రుడు అన్న మాటలు కాస్త పక్కకి జరుగుతాయి. ఆ గదుల్లో ఉన్నవాళ్ళకి కూడా తల్లులున్నారు. ఎత్తుగా పంపిన టెలిగ్రాంలోలాగే, జబ్బుపడ్డ తల్లులు కూడా ఉండి ఉంటారు.

డైవర్లు దిగి చూసినప్పుడు గాజీ ముక్కు భాగం ఛిద్రమై ఉంది. ఉక్కురేకులు బయటికి విచ్చుకుని ఉన్నాయి. అంటే లోపలి నుంచి పేలింది. ఇక్కడిదాకా చాలామంది ఒప్పుకుంటారు. ఆ తర్వాత దారులు చీలుతాయి. రాజ్‌పుత్ డెప్త్ చార్జీలే ముంచాయన్నది కృష్ణన్ మాట. ఓడలో దొరికిన గడియారం ఆగిన వేళకి, ఒడ్డున పేలుడు విన్న వేళకి పొంతన కుదిరిందని ఆయన రాసుకున్నాడు. తాను పరిచిన మైన్ మీదకే తాను పోయి ఉంటుందన్నది పాకిస్తాన్ వైపు మాట. వైస్ అడ్మిరల్ మిహిర్ రాయ్ తన పుస్తకంలో బ్యాటరీ నింపేటప్పుడు పోగైన హైడ్రోజన్ పేలిందన్న అభిప్రాయాన్ని నమోదు చేశాడు. గాజీ అంతకు ముందే, యుద్ధం మొదలు కాకముందే మునిగిందని, శకలాలు దొరికాయని తనకు ఫోను వచ్చిందని జనరల్ జాకబ్ రాశాడు. పెద్ద పెద్ద అధికారుల పుస్తకాలు ఒకదానితో ఒకటి కలవవు.

నా అభిప్రాయం చెబుతాను. బయటికి వంగిన రేకు ఒక్క నిజమే చెబుతుంది, ఆఖరి పేలుడు లోపలిదని. మొదటి పేలుడు ఎక్కడిదో అది చెప్పదు. బయట పేలిన మైన్ గాని, డెప్త్ చార్జ్ గాని ముక్కులోని టార్పెడోలని, మైన్లని అంటించి ఉంటే అవి లోపలి నుంచి పేలి రేకుని బయటికే వంచుతాయి, ముందున్న నొక్కుని చెరిపేస్తాయి. పక్క గదిలో హైడ్రోజన్ అంటుకుని ఆ మంట టార్పెడోలకి పాకినా మిగిలేది అదే రూపం. మూడు కథలకీ చివరి పేజీ ఒకటే. ట్రాక్టర్ షెడ్డులో మేస్త్రి తీర్పు అంత తేలిగ్గా చెప్పగలిగాడంటే, అక్కడ పేలడానికి ఒక్కటే వస్తువు ఉంది. గాజీ ముక్కులో ఎన్నో ఉన్నాయి. అయినా హైడ్రోజన్ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ళని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎవరు కొట్టారన్న లెక్క కోసం ఎలా మునిగిందన్న ప్రశ్నని వదిలేయకూడదు. రాజ్‌పుత్ సిబ్బంది చీకట్లో ఒక జలాంతర్గామి వైపు ఓడ తిప్పిన ధైర్యం, బ్యాటరీ వాదం నిజమైనా ఒక్క వీసం తగ్గదు.

అదే యుద్ధంలో అరేబియా సముద్రంలో జరిగినవాటికి ఇంత సందేహం లేదు. డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ బయట ఖైబర్ అనే డిస్ట్రాయర్‌నీ, ముహాఫిజ్ అనే మైన్లు ఏరే ఓడనీ ముంచాయి. వీనస్ చాలెంజర్ అనే సరుకు ఓడ కూడా మునిగింది. రాడార్ తెర మీద యుద్ధనౌకా, సరుకు ఓడా ఒక్కలాంటి మచ్చలే, క్షిపణి వాటిని వేరుచేసి చూడలేదు. డిసెంబరు 9న వంతు మనది. దియు దగ్గర హంగోర్ అనే పాకిస్తాన్ జలాంతర్గామి టార్పెడోతో మన ఖుక్రీని కొట్టింది. ఓడ కొద్ది నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోనే ఉండిపోయాడు. సోనార్ వినికిడి మెరుగుపరిచే ప్రయోగం కోసం ఖుక్రీ ఆ రోజు నెమ్మదిగా నడిచింది. ఓడ నిదానంగా పోతే దాని సొంత రొద తగ్గి చెవి బాగా పనిచేస్తుంది. నిదానంగా పోయే ఓడ గురికి కూడా తేలిగ్గా దొరుకుతుంది. వినడానికి చేసిన ప్రయత్నమే దాన్ని దొరకబుచ్చింది.

మన తీరానికి ఇది మొదటిసారి కూడా కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ వారంలోనే అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలో 23 సరుకు ఓడల్ని ముంచింది. లక్షా పన్నెండు వేల టన్నులు. వాటిల్లో తుపాకీ పట్టినవాళ్ళ కంటే బొగ్గు వేసేవాళ్ళు, వంటవాళ్ళే ఎక్కువ. విశాఖ జనం మూటలు నెత్తిన పెట్టుకుని పల్లెలకి తరలిపోయారు.

గాజీని పైకి తీస్తామని అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ అడిగాయని చెబుతారు. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. అది అక్కడే ఉంది, ఆ మనుషులకి అదే సమాధి.

కిందటి ఏడాది బుచ్చయ్యపేట పిల్లల్ని విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి చూపించడానికి తీసుకెళ్ళాను. 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో కాపలా తిరిగి, 2001లో విశ్రాంతి తీసుకున్న ఓడ. ఇప్పుడు ఇసుక మీద నిలబడి ఉంది. లోపల నడుం వంచుకుని నడవాలి. ఒక గదిలో నేల కింద బ్యాటరీలుండేవని చెప్పి కాలితో తట్టి చూపించాను. తొమ్మిదో తరగతి అమ్మాయి అక్కడే ఆగిపోయింది.

"హైడ్రోజన్‌కి వాసన రాదు కదా సార్, మరి ఎక్కువైపోయిందని వీళ్ళకెలా తెలుస్తాది?"

"మీటరు ఉంటుందమ్మా."

"మీటరు పాడైతేనో?"

నేను పైకి చూపించాను. గది కప్పు వెంట బూడిదరంగు వేసిన గాలిగొట్టం పోతోంది. మా వెనక ఇంకో బడి పిల్లలు తోసుకుంటూ వస్తున్నారు, గైడు ముందుకు నడవమంటున్నాడు. ఆ అమ్మాయి చెయ్యెత్తి, గొట్టం నోటి దగ్గర అరచేయి పెట్టి, గాలి వస్తోందో లేదో చూస్తోంది.